ముప్పై ఒకటో ఇల్లు

ఉద్యోగ విరమణ చేసిన వారంలోనే నేను ఒక నోటుబుక్కును కాల్చాను. కోపంతోనో వైరాగ్యంతోనో చేసిన పని కాదు. అలా చేయాలని ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు చెప్పినవాణ్ణి, నా వంతు వచ్చినప్పుడు చేశాను. పెరట్లో పాత బకెట్టు పెట్టి, ఒక్కొక్క కాగితమే చించి అందులో వేశాను. అట్ట చివరికి గానీ అంటుకోలేదు. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఉదయం పది గంటలకు పేర్ల పుస్తకం దగ్ధం. పూర్తిగా కాలిందని కట్టెతో కలియబెట్టి చూశాను. మనసు తేలికగా ఉంది."

పేర్ల పుస్తకమంటే ఏమిటో చెప్పాలి. నేను మానవశాస్త్రం చదివి, విశ్వవిద్యాలయంలో అదే పాఠం చెప్పి, వాతావరణం మారేకొద్దీ తీరంలోని మనుషులు ఊళ్ళు ఎందుకు వదులుతారు, ఎక్కడికి పోతారు అన్నదాని మీద పనిచేశాను. కృష్ణపట్నంలో బస్సు దిగి, ఇంకో ఆటో మారి, చివర కొంత ఇసుకలో నడిస్తే వచ్చే ఒక జాలర్ల పాళెం నాకు క్షేత్రం. ఏడాదికి రెండుసార్లు, వేట నిషేధం రోజుల్లో ఒకసారి, తుపాన్ల కాలానికి ముందు ఒకసారి, అక్కడికి వెళ్ళేవాణ్ణి. ప్రతి ఇంటి ముందూ కూర్చుని అవే ప్రశ్నలు అడిగేవాణ్ణి. రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు? పోయినసారి ఉండి ఇప్పుడు లేనిదెవరు? ఎక్కడికి పోయారు? ఎందుకు?

జవాబులు డైరీలో రాసేవాణ్ణి. ఏటా ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇంటి గుర్తుల్ని పాత డైరీ నుంచి పేజీ పైన ఎత్తి రాసుకునేవాణ్ణి. పేజీ మీద పేరు ఉండదు, నేను పెట్టుకున్న నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో వేరే చిన్న పుస్తకంలో రాసి జేబులో పెట్టుకునేవాణ్ణి. అదే పేర్ల పుస్తకం. జనం నమ్మి చెప్పిన మాటలు వాళ్ళ మీదికే తిరిగి రాకూడదని మా వృత్తిలో ఈ ఏర్పాటు. పరిశోధన ముగిశాక ఆ చిన్న పుస్తకాన్ని నాశనం చేయాలి. మిగిలిన డైరీలు మా ఇంట్లో ఇనప బీరువాలో ఏడాది వారీగా ఉన్నాయి. అటక మీద పెడితే చెదలు పడతాయని బీరువా కొన్నాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను మనుబోలు దగ్గర వరి పండించే కుటుంబంలో పుట్టాను. మా ఊరికి సముద్రం పెద్ద దూరం కాదు. అయినా మా ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని చూసిన గుర్తు లేదు. సైకిలు మీద చేపలు తెచ్చే మనిషి ఊరిలోకి వస్తే మా నాయనమ్మ వీధి తలుపు వేసేసేది. సముద్రం మీద పని చేసినంత కాలమూ నేను కాళ్ళు తడుపుకున్నదే తక్కువ. పాళెంలో వాళ్ళు దీనికి నవ్వేవాళ్ళు. నా పద్ధతి గట్టిగా ఉంటే ఈ లోటు పూడుతుందని అనుకునేవాణ్ణి.

బకెట్టు సంగతి జరిగిన రెండేళ్ళకు, ఒక ఉదయం నేను పేపరు చదువుతుండగా మా ఆవిడ వచ్చి, "మీ కోసం ఎవరో వచ్చారు. చేపలేమో అనుకుని వద్దన్నాను. చేపలు కాదు, సారు కావాలంటోంది" అంది.

వరండాలో యాభై దాటిన మనిషి నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. వేళ్ళ చివర్లు నల్లగా పగిలి ఉన్నాయి.

"గుర్తు పట్టినారా సార్?"

"లేదమ్మా."

"ఎట్ల పడతారు? తల వంచి రాసుకోవడమే గదా మీ పని. మొహం చూసిండేది యాడ?" అని నవ్వింది. "మా ఇంటి ముందర కూచోని ప్రశ్నలడిగి చంపినారే. రాత్రి ఎవురు పడుకున్నారు, పొద్దున ఎవురు లేసినారు అని. మా అత్త అనేది, ఈ సారుకు పెళ్ళయిందా లేదా, ఎవురు యాడ పడుకుంటే ఈయనకేంది అని."

లోపల మా ఆవిడ నవ్వడం వినిపించింది. కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని, కవరులోని కాగితాలు ఒక్కొక్కటీ తీసి నా ముందు పెట్టింది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు. రెండింటి మీదా గూడూరు చిరునామా ఉంది.

వచ్చిన పని ఇది. పాళెంలో తూర్పు వరుస ఇళ్ళను సముద్రం తినేసింది. ఒకేసారి కాదు, రెండు మూడు తుపాన్లలో. ఇళ్ళు పోయినవాళ్ళకు ప్రభుత్వం లోపలికి, మిట్ట నేలలో ఇంటి స్థలాలిస్తోంది. ఆమె ఇల్లు ఆ వరుసలోదే. జాబితాలో ఆమె పేరు లేదు. అధికారులు వచ్చి రాసుకున్నప్పుడు ఆమె గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరుతోంది. ఇల్లు అప్పటికే నీళ్ళలో ఉంది. కూతురు అత్తవారింట్లో ఉంది. గూడూరులో ఉండేది ఒకరి గోడకు ఆనించి వేసుకున్న రేకుల కొట్టంలో. స్థలం రాకపోతే ఆమెకు ఇక ఎక్కడా ఊరు లేదు.

"పెద్దోళ్ళ లెక్కలో నేను లేను సార్. వాళ్ళిచ్చిన లెక్కే ఆఫీసోళ్ళు రాసుకున్నారు."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ఆ పాళెంలో ఊరి కట్టుబాటు తలల్ని లెక్కపెడుతుంది. వేటకు పోయే పెళ్ళయిన మగవాడు ఒక తల. పంచాయతీలో మాట, పండగలో వంతు, సాయంలో వాటా, అన్నీ తలను బట్టే. మగవాడు పోయిన ఇంట్లో ఆడమనిషి ఉంటుంది, పొయ్యి వెలుగుతుంది, కానీ తల ఉండదు. నేను మాత్రం మొదటి నుంచీ పొయ్యిల్ని లెక్కపెట్టాను. వంట వేరుగా జరిగితే అది ఒక ఇల్లు. ఈ తేడా మీద నా పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. దాన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు.

"నన్ను ఒక ఇల్లు కింద రాసుకుంది మీరొక్కరే సార్," అంది ఆమె. "మా అత్త చెప్పేది, చూడు మే, ఆ సారు మన పొయ్యి గూడా లెక్కబెట్టుకున్నాడు అని. ఆ పుస్తకం ఉండాదా?"

"ఉంది. మీ ఇంటి నంబరు గుర్తుందా?"

"నంబరు మీరు పెట్టుకున్నారు. మాకు చెప్పినారా?"

బీరువా తెరిచి డైరీలు తీశాను. ఆమె చెప్పడం, నేను పేజీలు తిప్పడం. జీవితమంతా నేను అడిగి వాళ్ళు చెప్పారు. ఆ రోజు ఆమె చెబుతుంటే నేను వెతుక్కున్నాను. ఇంటి ముందు పాత పడవ చెక్కతో చేసిన బల్ల ఉండేదంది. అత్తకు ఎడమ కన్ను కనిపించేది కాదంది. మొగుడు పోయిన ఏడాది ఇంటి వెనక గోడ కూలితే తాటాకు కట్టుకున్నామంది. ముప్పై ఒకటో పేజీ పైభాగంలో అవన్నీ ఉన్నాయి. బల్ల, కన్ను, తాటాకు. చదివి వినిపించాను. కొంగుతో మొహం తుడుచుకుని, "అదే సార్. అదే నా ఇల్లు" అంది. "పేరు యాడ ఉండాది?"

"పేరు ఇందులో రాయను."

"వేరే బుక్కులో రాసేవాళ్ళు గదా, నీలం అట్టది. రాసి జోబీలో పెట్టుకుంటారు."

"దాన్ని కాల్చేశానమ్మా."

"కాల్చేసినారా? ఎందుకు?"

"మీ పేర్లు బయటపడకూడదని."

 "మా పేరు బయటపడితే ఏమవుతాది సార్?" అంది. దెప్పిపొడుపు కాదు, తెలియకనే అడిగింది. ఈ ప్రశ్నకు క్లాసులో గంటసేపు జవాబు చెప్పగలను. వరండాలో మాత్రం, పాళెం పోయి అడుగుదాం అన్నాను.

మరుసటి వారం ఆమె, నేను కలిసి పాళెం వెళ్ళాం. ఊరి పెద్ద ఒక్క సంతకం పెడితే చాలునని మా ఇద్దరి ఆలోచన. ఆయన నా వయసువాడే. నేను మొదటిసారి ఆ ఊళ్ళోకి వెళ్ళినప్పుడు నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాడు. చేపల వేలం పాటల షెడ్డులో వల ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి, "ఏం సారూ, ముసిలోడివైపోయినావే. పింఛను తింటా ఇంకా లావవ్వాల గదా" అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. డైరీ తెరిచి చూపించాను. ఆయన చదవలేదు. ఆమె వైపు కూడా చూడలేదు.

"ఈమెది ఇల్లు గాదని నేనంటున్నానా? ఇల్లే. ఆ బల్ల మీద నేను కూచోలా? కట్టుబాటులో తల లేదంటుండా, అంతే."

"ప్రభుత్వం ఇస్తున్నది ఇళ్ళకు కదా, తలలకు కాదు కదా."

"ఇచ్చే స్థలాలు తక్కువ, అడిగే నోళ్ళు ఎక్కువ. నా చిన్నకొడుక్కే రాలా. ఈమెకు సంతకం పెడితే గూడూరులో ఉండేవాళ్ళు, మద్రాసులో ఉండేవాళ్ళు, అందురూ రేపు నా గడపలో ఉంటారు. అప్పుడు నువ్వొస్తావా సారూ, వాళ్ళకు చెప్పడానికి?"

"వాళ్ళ ఇళ్ళు కూడా పోయాయి కదా."

"పోయినాయి. ఎవురు లేదన్నారు?" అని వల మీద చెయ్యి వేశాడు. "ఇంకొక మాట. పేర్లు రాయొద్దని నీకు చెప్పిందెవరు? నేనే గదా. మా ఊరోళ్ళ పేర్లు నీ బుక్కులో ఉండకూడదు, ఉంటే ఊర్లోకి రావద్దు అన్నా. నువ్వు సరే అన్నావు. ఇప్పుడు పేరు పట్టుకోని వచ్చినావే."

అది నిజం. ఆ రోజు రాసుకున్న డైరీలో ఆ మాట ఉంది. వృత్తి నియమమని తర్వాత నేను గొప్పగా చెప్పుకున్నది మొదట ఆయన పెట్టిన షరతే.

 అప్పుడు ఆమె అంది, "మామా, నా మొగుడు తల సముద్రంలో ఉండాది. పోయి లెక్కబెట్టుకో."

షెడ్డులో వల బాగుచేస్తున్న మిగతావాళ్ళు తల ఎత్తారు. ఆయన సూది తీసుకుని వల మీదికి వంగాడు. వల అల్లుతూనే, ఆమెతో కాదు, నాతో, "టీ తాగి పో సారూ" అన్నాడు. తాగకుండానే వచ్చేశాం.  ఆటోలో ఆమె, "ఆయన గూడా ఏం చేస్తాడులే సార్" అంది. ఆ మాట ఆమెకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాకైతే ఆ రోజంతా కోపం తగ్గలేదు.

ఇక మిగిలింది మండల ఆఫీసు. అక్కడ ఈ జాబితా చూస్తున్నది ఒక డిప్యూటీ తహసీల్దారు. నా విద్యార్థుల వయసున్న అమ్మాయి. ఒకటికి రెండుసార్లు సార్ అని పిలిచి, కుర్చీ చూపించి, ఆమెకు కూడా కుర్చీ తెప్పించింది. నేను సంగతంతా వివరించాను. పొయ్యిలు, తలలు, నంబర్లు, కాల్చిన పుస్తకం. ఆ అమ్మాయి శ్రద్ధగా వింది.

"ముప్పై ఒకటో ఇల్లు ఈవిడదే అని మీరు రాసిస్తారా సార్?"

"రాసిస్తాను. ప్రమాణం చేసి రాసిస్తాను."

"అలా అయితే కొంత చూడొచ్చు. ఆ పేజీ ఒకసారి ఇవ్వండి."

డైరీ అందించాను. తూర్పు వరుస కూలిపోక ముందు ఏడాది డైరీ అది. ఆ అమ్మాయి పైనుంచి కింది దాకా నెమ్మదిగా చదివింది. ఒక చోట వేలు పెట్టి ఆగింది.

"'మూట కట్టుకుంటోంది. గూడూరు. కారణం: కూలి.' ఇది మీ రాతేనా సార్?"

"నాదే."

"దాని కింద, తర్వాత మీరు వచ్చినప్పుడు, 'తాళం' అని ఉంది. ఇల్లు కూలింది ఆ తర్వాత. ఈ స్థలాలు సముద్రం వల్ల ఊరు వదిలినవాళ్ళకు సార్. ఈవిడ కూలి కోసం ముందే వెళ్ళిపోయినట్టు మీరే రాశారు."

నా చేతులు బల్ల మీద ఉన్నాయి. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

దీనికి వివరణ నా దగ్గర ఉంది. మనుషులు ఊరు వదలడానికి కారణాలను నేను మూడు గళ్ళలో రాసేవాణ్ణి. సముద్రం, కూలి, ఇతరం. ఎందుకు పోతున్నావు అని అడిగితే నోటి నుంచి వచ్చిన మొదటి మాటనే రాయాలి. మన ఊహను వాళ్ళ నోట్లో పెట్టకూడదు. ఇది నా నియమం. ఈ నియమం వల్లే నాకు పేరు వచ్చింది. తీరం నుంచి కదిలిన ప్రతి మనిషినీ సముద్రం తరిమిందని చెప్పేవాళ్ళు చెబుతుంటే, తొందరపడకండి, ఎక్కువమంది పోయింది కూలి కోసమని నేను పట్టికలు చూపించాను. సభల్లో తెర మీద మ్యాపు వేసేవాణ్ణి. పాళెం నుంచి గూడూరు వైపు ఒక సన్నటి పచ్చ బాణం ఉండేది. పచ్చ రంగు కూలికి. నీలం సముద్రానికి. ఆ పచ్చ బాణంలో ఈమె ఉంది. ఎన్నిసార్లు దాని మీద కర్ర పెట్టి చూపించి ఉంటానో లెక్క లేదు.

"మీరు ఈ పేజీ తేకుండా, ఒట్టి ఉత్తరం రాసిచ్చి ఉంటే బాగుండేది సార్," అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఇప్పుడు నేను చూశాను. చూడలేదని అనలేను. మళ్ళీ విచారించి వివరంగా రాసి తెండి. ఫైల్లో పెడతాను. మాట మాత్రం ఇవ్వలేను."

ఆఫీసు బయట టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. ఆఫీసు మాటలు కొన్ని ఆమెకు అర్థం కాలేదు. నేను దాచకుండా చెప్పాను. ఆమె టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నది.

"కూలికి అనే చెప్పినా సార్. ఇంకేం చెప్తారు? మూట నెత్తిన పెట్టుకోని బస్సుకు పోయేదాన్ని అడిగితే ఇంకేమంటాది?"

డైరీ మళ్ళీ తెరిచాను. ప్రతి ఇంటి దగ్గరా ఎన్ని గంటలకు కూర్చున్నాను, ఎన్ని గంటలకు లేచాను అన్నది మార్జినులో రాయడం నాకు అలవాటు. ముప్పై ఒకటికి ఎదురుగా నాలుగూ పదికి మొదలు, నాలుగూ పద్నాలుగుకు ముగింపు అని ఉంది. నాలుగు నిమిషాలు. సాయంత్రం బస్సు పోతుందని ఆ వరుస త్వరగా ముగించినట్టు కింద నేనే రాసుకున్నాను.

ఆ పేజీ కింద సగం ఖాళీగా ఉంది. కలం తీసి ఆ రోజు తేదీ వేశాను. "ఎందుకు పోయావు?" అని అడిగాను.

"ఇప్పుడడుగుతుండారా?" అని నవ్వింది. తర్వాత చెప్పింది.

చేపలు దూరం పోయాయి, మగవాళ్ళు ఇంకా లోపలికి పోవాల్సి వచ్చింది. ఆమె భర్త అలా పోయినవాడే, రాలేదు. అతను పోయాక ఆమె చేపలు ఎండబెట్టి అమ్మింది. ఎండబెట్టే ఇసుక మేట ఏడాదికేడాది తరిగింది. చివరికి ఉప్పొంగిన నీళ్ళు ఆరిన చేపల్నే తీసుకుపోయాయి. మిగిలిన చోటులో తలలున్నవాళ్ళకు ముందు వంతు. బావి నీళ్ళు ఉప్పు తిరిగాయి. ట్యాంకరు ఊరి ఆ చివర ఆగేది. అక్కణ్ణుంచి మోసుకొచ్చేది ఆమె ఒక్కతే.

"బావి ఉప్పు తిరిగింది సముద్రం వల్లా, పక్కన రొయ్యల గుంటల వల్లా?" అని అడిగాను. అలవాటు.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఉప్పు ఉప్పే గదా సార్. యాడ్నుంచి వచ్చిందో నాలిక్కి తెలస్తాదా?"

ఆ మాట కూడా రాశాను. ఏ గడిలో వేయాలో తెలియలేదు. వేయలేదు.

"కూలి అని అప్పుడు రాసింది తప్పు కాదు, అది చాలదు" అని చివర రాసి, ఆమె చేత సంతకం పెట్టించాను. పేజీ పైన, నంబరు పక్కన, ఇంటిపేరుతో సహా ఆమె పేరు రాశాను. నా క్షేత్ర డైరీలన్నిటిలో రాసిన మొదటి పేరు అది. ఇక్కడ రాయడం లేదు. ఆమె రాయమని అడిగింది ఆ పేజీలో మాత్రమే.

నకలు తీయించి ఆఫీసులో ఇచ్చాం. ఆ అమ్మాయి దాన్ని ఫైల్లో పెట్టి, మా కళ్ళ ముందే ఏదో రాసింది. నెలన్నర తర్వాత సవరించిన జాబితా ఆఫీసు గోడకు అంటించారు. నేను వెళ్ళి పై నుంచి కింది దాకా రెండుసార్లు చూశాను. ఊరి పెద్ద చిన్నకొడుకు పేరు ఉంది. ఆమె పేరు లేదు. లోపల అడిగితే, తదుపరి జాబితాలో పరిశీలించవచ్చని ఫైల్లో రాసి ఉందన్నారు. తదుపరి జాబితా ఎప్పుడంటే, ఎవరూ చెప్పలేదు. ఊరు వదిలిన తేదీ, ఇల్లు పోయిన తేదీ, ఈ రెంటి మధ్య నా 'తాళం' అడ్డం పడింది. ఆమె పేరు చేర్చడానికి పై అధికారి ఒప్పుకోలేదట.

ఈ కబురు చెప్పడానికి గూడూరు వెళ్ళాను. మార్కెట్లో పచ్చి నిమ్మకాయల ఘాటు గేటు దగ్గరే కళ్ళకు తగిలింది. వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు పండు వేరు, పచ్చి వేరు, మచ్చ వేరు ఏరి గోనె పట్టాల మీద పోస్తున్నారు. చూడకుండానే చేతులు ఏరుతున్నాయి. నేను చెప్పింది విని ఆమె, "సరేలే సార్, ఎండలో ఇంత దూరం వచ్చినారు, నీళ్ళు తాగండి" అంది. పక్కనున్న మనిషి, "ఎవురే ఆయన?" అని అడిగింది. "మా ఊర్లో పొయ్యిలు లెక్కబెట్టే సారు" అని చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి వచ్చే రైల్లో డైరీ తీశాను గానీ రాయలేదు.

పది రోజులకు ఆమే మా ఇంటికి వచ్చింది.

"ఆ కాయితం నాకు ఇచ్చేయండి సార్. నా పేరు రాసిండేది."

"జిరాక్స్ తీయించి, సంతకం పెట్టి ఇస్తాను."

"జిరాక్స్ చూపిస్తే ఒరిజినల్ యాడ అంటారు. నేనెరగనా? ఇంకొక లిస్టు వస్తాది. ఈ యేడు రాకుంటే ఇంకో యేడు వస్తాది. సముద్రం యాడికి పోతాది, మళ్ళీ వస్తాది, మళ్ళీ లిస్టు రాస్తారు. అప్పటికి మీరుండరు గదా."

"అదేం మాటమ్మా?" అంది మా ఆవిడ.

"ఉన్నమాటే గదమ్మా. నేనుంటానో లేదో గూడా తెలీదు. కూతురుంటాది. కాయితం ఉంటాది."

నేను డైరీలో పేజీ చించి ఎరగను. తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాస్తాను, సంతకం పెడతాను. చించకూడదు. అది కూడా నియమమే. అయినా బీరువా తెరిచాను. తర్వాత డైరీ తెచ్చి, స్కేలు పెట్టి, కుట్టు పక్కన నెమ్మదిగా చించాను. ఆమె చేతికిచ్చాను.

ఆమె తీసుకోలేదు. "ఒకసారి చదవండి. ఎవురన్నా అడిగితే నేను చెప్పాల గదా" అంది.

మొదటి నుంచి చదివాను. బల్ల, కన్ను, తాటాకు. మూట, గూడూరు, కూలి. ఆ తర్వాతి రాకలో రాసింది: "తాళం. అత్త చనిపోయిందని పక్కింటివారు." అక్కడ ఆమె ఆపింది.

"అదేంది సార్? నేను తాళమేసి పోయినంక చచ్చిపోయినట్టు ఉండాదే."

"నాకు అప్పుడే తెలిసింది."

"ఆమె ముందే పోయింది సార్. నేను మూట కట్టుకునే రోజుకు నెల దాటింది. ఆమె ఉంటే వదిలిపెట్టి పోతానా నేను? కన్ను కనపడని ముసిల్దాన్ని?" మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "స్థలం రాకుంటే రాకపోనీ. ఇది మాత్రం మార్చండి."

ఆ నాలుగు నిమిషాల్లో, రాత్రి ఈ ఇంట్లో ఎవరు పడుకున్నారు అని నేను అడగలేదన్నమాట. అన్ని ఇళ్ళలోనూ అడిగే ప్రశ్న. అడిగి ఉంటే తెలిసేది. కొట్టేసి, "అత్త అంతకు నెల ముందే చనిపోయింది, ఆ తర్వాతే ఈమె వెళ్ళింది" అని రాసి సంతకం పెట్టాను. మళ్ళీ చదివించుకుంది. తలూపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రేషన్ కార్డు లోపల పెట్టింది.

లేవబోతూ అడిగింది. "కూలి అని రాసినోళ్ళు ఇంకా ఉండారా సార్ అందులో?"

ఉన్నారు. చాలామంది.

"వాళ్ళ గుర్తులు ఒక కాయితం మీద రాసియ్యండి. మార్కెట్లో మా పక్కోళ్ళు శానామంది ఉండారు. అడిగి చూస్తా. పేరు వద్దు, బల్ల ఉండిందా, మేక ఉండిందా, అట్ల. గుర్తుపడితే మీ దగ్గరికి పంపిస్తా."

మా ఆవిడ ఆమెకు అన్నం పెడుతుండగా ఆ ఏడాది డైరీ ముందు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. పన్నెండో ఇల్లు: గుమ్మం మీద సున్నంతో శిలువ, ముసలాయనకు కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. పందొమ్మిదో ఇల్లు: తెల్ల మేక, కవల ఆడపిల్లలు. ఇరవై ఆరో ఇల్లు: కొత్త కోడలు, తడ వైపు మనిషి, తమిళం కలిపి మాట్లాడుతుంది. నలభై నాలుగో ఇంటి దగ్గర ఆగాను. ఆ పేజీలో నంబరు ఉంది, రెండు నిమిషాలు అని మార్జినులో ఉంది, కూలి అని ఉంది. మిగతా పేజీ తెల్లగా ఉంది. ముందు ఏడాదివీ అంతకు ముందువీ తీసి చూశాను. ఆ ఇంట్లో ఎంతమంది పడుకున్నారో అంకె ఉంది. ఇంకేమీ లేదు.

ఆ నంబరు రాసి, ఎదురుగా ఖాళీ వదిలి, ఆమెకు కాగితం ఇచ్చి చదివి వినిపించాను.

"ఇదేంది సార్, దీని పక్కన ఏమీ లేదు?"

"వాళ్ళ గురించి నేనేమీ రాసుకోలేదమ్మా."

"ఎవురో మరి," అని, కాగితం మడిచి కవరులో పెట్టుకుని, బస్సుకు టైమవుతోందని బయలుదేరింది.